రెండున్నర బారలు

రేవు వెనక గది నుంచి
జూన్ 9

అక్కకి,

ఈపాటికి ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తే తప్ప నువ్వు నమ్మవు. మన పడవ పోయింది. మనుషులకి ఏమీ కాలేదు. ఎనిమిది మంది ప్రయాణికులు, నేను, మన పిల్ల పిచ్చుక, అందరం ఒంటి మీద గీత పడకుండా బయటపడ్డాం. టపా సంచి కూడా దక్కింది. దీవిలో దర్జీ కొత్తగా కొని తెచ్చుకుంటున్న కుట్టుమిషను మాత్రం నీళ్ళపాలైంది.

గాలివానలో పోయుంటే చెప్పుకోడానికి ఒక కథైనా ఉండేది. ఆ రోజు సముద్రం మీద ముడత కూడా లేదక్కా. సగం దూరం వెళ్ళేసరికి పొగమంచు దిగింది. పన్నెండు గంటల వేళ వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియలేదు. పాలలో పడవ నడుపుతున్నట్టుంది. మాట్లాడితే మాట పెదాల దగ్గరే ఆగిపోయేది. ఎక్కడో నీళ్ళ మీద తేలే గంట బోయా మోగుతోంది, నిద్రలో వినిపించే చప్పుడులాగా. కాసేపటికి పడవ కింద ఏదో తాకింది. దెబ్బలా లేదు. అలిసిపోయిన మనిషి గోడకి ఆనుకున్నట్టు పడవ రాతి తిప్పకి ఆనుకుంది, నెమ్మదిగా ఒరిగింది. అడుగు పలక ఎక్కడో విడిపోయింది. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వచ్చాయి. అరగంటలో లోతులోకి జారిపోయింది.

తప్పు ఎవరిదీ కాదు. తిప్ప చుట్టూ నీటి దారి ఏటేటా మారుతుంది, నీకు తెలియనిది కాదు. రేవులో అందరూ అదే అంటున్నారు. ‘ఇంకొకడైతే ఎనిమిది ప్రాణాలూ పోయేవి’ అంటున్నారు. పోర్టు ఆఫీసరు విచారణ పెట్టాడు. ఆ సమయానికి చుక్కాని ఎవరి చేతిలో ఉందని అడిగాడు. పిచ్చుక చేతిలో ఉందని చెప్పాం. ఉన్నమాటే కదా.

పిచ్చుకని నీ దగ్గరికి పంపిస్తున్నాను. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఇంత మౌనంగా లేదు. ఏదో ఒక పని చెప్పి చేతులు ఖాళీగా ఉంచకు. పడవని మనం ఇంట్లో పెద్దపిల్ల అనేవాళ్ళం గుర్తుందా? దీనికంటే మూడేళ్ళ ముందు వచ్చిందని. ఇప్పుడు ఆ పెద్దపిల్ల లేని ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నాం.

తమ్ముడు


తెరచాపల కొట్టు, మేడ మీద నుంచి
జూలై 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం, నీ కూతురు ఒకే రోజు చేరారు. ఉత్తరమే కాస్త లావుగా ఉంది. పిల్ల సగమైపోయింది.

పనిలో పెట్టాను. నీకు తెలుసుగా మా కొట్టు, మేడంతా ఒకే గది, నేల మీద తెరచాప గుడ్డ పరిస్తే కాలు పెట్టడానికి చోటుండదు. మీ బావగారు పోయాక ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఆ గుడ్డ మీద కూచుని కుట్టేదాన్ని. ఇప్పుడు ఆ మూల నుంచి అది, ఈ మూల నుంచి నేను. పొద్దున కిటికీలోంచి వెలుగు పడ్డప్పుడు గదంతా తెల్లగా అయిపోతుంది. అప్పుడు మాత్రం అది సూది ఆపేసి కళ్ళు దించుకుంటుంది. ఎందుకే అని అడగలేదు.

చేతి పని బాగుంది. కుట్టు కుట్టుకీ మధ్య ఎడం కొలిచినట్టుంది. తిండే పిచ్చుక తిండి, పేరు సరిగ్గానే పెట్టావు.

రెండు సంగతులు అడగాలి. మొన్న దానికో కవరు వచ్చింది. పడవ నడిపే సరంగు పరీక్షకి పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చేసింది. పడవ పోయినప్పుడు చుక్కాని పట్టుకున్న మనిషి కాబట్టి విచారణ తేలేదాకా పరీక్షకి కూచోనివ్వరట. కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుంది తప్ప నాతో ఒక్క మాట అనలేదు. నేనే పెట్టె సర్దే వంకతో చూశాను. నీకు తెలుసా ఈ సంగతి?

రెండోది. నాన్న మనిద్దర్నీ ఒకే పడవలో తిప్పాడు కాబట్టి ఆడదానివి నీకెందుకు అనవని అడుగుతున్నాను. అంత పొగమంచులో లోతు కొలిచే గుండుతాడు ఎవరు వేస్తున్నారు? అడుగున ఎన్ని బారల నీళ్ళున్నాయని చెబుతున్నారు? నీ ఉత్తరంలో పాలున్నాయి, గంట ఉంది, గోడకి ఆనుకున్న మనిషి ఉన్నాడు. తాడు కనబడలేదు.

అక్క


రేవు వెనక గది నుంచి
జూలై 19

అక్కకి,

నువ్వు కూడా విచారణ మొదలుపెట్టావన్నమాట. ఇక్కడొకటి సరిపోలేదని.

ముప్పై ఒక్క ఏళ్ళు అదే దారిలో తిరిగాను. ఒక్కసారి కూడా రేవు గోడకి పడవ రంగు అంటించలేదు. సరంగంటే ఎవడో నీకు నేను చెప్పాలా? గాలి మారబోతుంటే చెవి వెనక చల్లదనం తెలియాలి. నీటి రంగు చూసి కింద ఇసుకో రాయో చెప్పాలి. నేల ఇంకా కనబడకముందే దాని వాసన పట్టాలి. ముడి వేస్తే పని అయ్యేదాకా ఊడకూడదు, అయ్యాక ఒక్క లాగుడుకి ఊడాలి. ఇవన్నీ కాగితం మీద పరీక్ష పెడితే వచ్చేవి కావు. పోర్టు ఆఫీసరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. కుర్చీలో కూచుని, ‘వేగం ఎంత, సమయం ఎంత’ అని రాసుకుంటాడు. ఆ రోజు ఆ తెలుపులో నిలబడి ఉంటే తెలిసేది.

గుండుతాడు సంగతి మామూలే.

దరఖాస్తు గురించి తెలుసు. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఒక ఏడాది ఆగితే ఏమవుతుంది? నేను ఇరవై ఏడుకి గాని సరంగుని కాలేదు.

ఆటు సమయంలో రోజూ తిప్ప వైపు వెళ్తున్నాను, ఎవరో ఒకరి చేపల పడవలో. నీళ్ళు బాగా దిగితే మన పడవ తెరచాప కొయ్య కొస జానెడు బయటికొస్తుంది. దాని మీద పక్షి కూచుంటుంది. పోటు మొదలవగానే పక్షి లేచిపోతుంది, కొస మునిగిపోతుంది. అంతే, దానికోసం రోజంతా ఎదురుచూస్తాను.

నాకో కల వస్తోంది. పడవ మా వీధిలోకి వస్తుంది. రెండు వైపులా కిటికీలకి తెరచాప రాసుకుంటూ, నీళ్ళు కారుస్తూ వస్తుంది. పైన ఎవరూ ఉండరు. చుక్కాని దానంతటదే తిరుగుతుంటుంది. మా గుమ్మం ముందుకొచ్చి ఆగుతుంది. నేను తలుపు తియ్యడానికి లేస్తాను. గడియ దొరకదు.

తమ్ముడు


తెరచాపల కొట్టు, మేడ మీద నుంచి
ఆగస్టు 5

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెవి వెనక చల్లదనానికి ఒక పేజీ, కొయ్య మీద పక్షికి అర పేజీ, నేనడిగినదానికి ‘మామూలే’. చిన్నప్పుడు నువ్వు నాన్న నూనె సీసా పగలగొట్టి, ఆ వేళ వాన ఎలా పడిందో అమ్మకి వర్ణించి చెప్పావు. అచ్చం అలాగే ఉంది.

కోపం తెచ్చుకోకు. మొన్న ఇక్కడ జరిగింది చెబుతాను.

ఒక చేపల పడవకి పెద్ద తెరచాప కుడుతున్నాం. కొలిచింది నేను, కత్తిరించింది నేను. నాలుగో పట్టీ కత్తిరిస్తుంటే నీ కూతురు, ‘అత్తా, జానెడు తగ్గిందేమో’ అంది. అన్నదీ ఎలా? ఊపిరి వదిలినంత మెల్లగా. నేను తల ఎత్తకుండా, ‘నువ్వు పాలు తాగే వయసప్పటి నుంచి కత్తిరిస్తున్నానే, కుట్టు’ అన్నాను. కూచుని కుట్టింది. పొద్దుగూకేదాకా కుట్టింది. అంచులు కలపబోతే నిజంగానే జానెడు తక్కువ. రోజంతా చేసిన పని విప్పాల్సి వచ్చింది.

నాకు ఒళ్ళు మండి, ‘తెలిసి తెలిసి ఎలా కుట్టావే? ఇంకోసారి చెప్పొద్దూ?’ అన్నాను.

‘ఒకసారి చెప్పాగా అత్తా’ అంది.

ఆ మాట అన్న తర్వాత దాని మొహం చూశాను. తెరచాప గురించి మాట్లాడుతున్న మొహం కాదది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను విప్పుతూ కూచున్నాను.

అందుకే సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు పడవలో కూడా ఒకసారి చెప్పిందా?

అక్క


రేవు వెనక గది నుంచి
ఆగస్టు 14

అక్కకి,

ఉత్తరం అందింది. వలలు బాగుచేసే పనికి కుదురుకున్నాను. ఒంట్లో బాగానే ఉంది. తర్వాత రాస్తాను.

తమ్ముడు


రేవు వెనక గది నుంచి
సెప్టెంబరు 21

అక్కకి,

చెప్పింది.

ఈ ఒక్క మాట రాయడానికి నెల పైన పట్టింది. మిగతాది ఆగితే మళ్ళీ రాయలేను, కాబట్టి ఒక్క ఊపున రాసేస్తున్నాను.

పొగమంచు దిగగానే పిచ్చుక తనంతట తానే ముందుకెళ్ళి గుండుతాడు వెయ్యడం మొదలుపెట్టింది. నేను చెప్పలేదు. ‘నాలుగు బారలు నాన్నా’ అంది. మళ్ళీ నాలుగు. తర్వాత మూడు. అప్పుడు గంట బోయా మోగింది. నాకు ఎడమ వైపు వినిపించింది. ఎడమ వైపుంటే మనం సరైన దారిలో ఉన్నట్టే. పొగమంచులో చప్పుడు ఎటునుంచి వచ్చినట్టుంటే అటునుంచి రాదని నాన్న మనకి ఎన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసు. నేనే పిచ్చుకకి అంతకంటే ఎక్కువసార్లు చెప్పాను.

ప్రయాణికులు బిక్కచచ్చిపోయి నా వైపే చూస్తున్నారు. దర్జీ మిషను మీద చెయ్యేసుకుని, ‘ఏం భయం లేదమ్మా, మన సరంగు కళ్ళు మూసుకుని తీసుకెళ్తాడు’ అన్నాడు పక్కనున్న ముసలావిడతో. ఆవిడ నవ్వింది. అక్కా, నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఆ తెలుపులో ప్రపంచం లేదు, నేనున్నాను, నన్ను నమ్మిన ఎనిమిది మొహాలున్నాయి. పడవ గాల్లో తేలుతున్నట్టుంది.

పిచ్చుక, ‘రెండున్నర బారలు. తగ్గుతోంది నాన్నా’ అంది.

‘తాడు లోపల పెట్టు. వచ్చి చుక్కాని పట్టుకో’ అన్నాను. అందరి ముందూ అన్నాను. అది తాడు చుట్టి, తడి చేతులు తుడుచుకుని, వచ్చి పట్టుకుంది. నేను ముందుకెళ్ళి నిలబడి, ‘ఇలాగే పోనీ’ అన్నాను. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాను.

నిజంగానే మూసుకున్నాను. దర్జీ చూడాలని. గంట వింటూ నవ్వుతూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. పది ఊపిర్లు ఉంటాయేమో. పడవ ఆనుకున్నాక తెరిచాను.

ఇంకొకటుంది. ఎనిమిది మందినీ కాపాడింది నేను కాదు. తాకిన మరుక్షణం లంగరు వదిలింది పిచ్చుక. తెరచాప దించింది, బూర ఊదింది. నీళ్ళ మీదికి తేలి ఉన్న తిప్ప వెన్ను వెతికి, వెనక కట్టుకొచ్చే చిన్న పడవలో నలుగుర్నీ నలుగుర్నీ రెండుసార్లుగా అక్కడికి చేర్చింది. ముందు ముసలావిడ, ఆఖరున దర్జీ. వాడు మిషను వదలనంటే, ‘మిషనుకి ఈత రాదు, మీకూ రాదు, ఒక్కరినే తీసుకెళ్ళగలను’ అంది. నేను కొయ్య పట్టుకుని నిలబడిపోయాను. ‘నాన్నా, దిగు’ అని మూడుసార్లు పిలిచింది. అది ఒక్కటే నాకు మూడుసార్లు చెప్పింది. బూర విని దీవి నుంచి చేపల పడవలు వచ్చేసరికి పోటు ఎక్కి అందరూ మోకాలి లోతు నీళ్ళలో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు.

పొగమంచులో ఎవరు ఏం చేశారో ఎవరికీ సరిగా కనబడలేదు. ఒడ్డుకొచ్చాక సరంగే కాపాడాడన్నారు. నేను కాదనలేదు. చుక్కాని ఎవరి చేతిలో ఉందని ఆఫీసరు అడిగితే దాని వైపు చూశాను. అది నేల చూస్తూ, ‘నా చేతిలోనే ఉందండీ’ అంది. తాడు గురించి చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇద్దరం అన్నం తిన్నాం.

పెద్దపిల్ల పోయిందని ఏడుస్తూ చిన్నదాన్ని ముంచాను.

సోమవారం ఆఫీసుకి వెళ్తున్నాను. ఈ ఉత్తరం దానికి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

తమ్ముడు


తెరచాపల కొట్టు, మేడ మీద నుంచి
అక్టోబరు 3

తమ్ముడూ,

చూపించాను. నా ఇష్టమన్నావుగా.

నిలబడే చదివింది. చదివి, మడిచి, నా చేతికిచ్చి, మళ్ళీ గుడ్డ మీద కూచుంది. నాలుగు కుట్లు వేసింది. అయిదోది వెయ్యబోయి చేతికున్న తోలుపట్టీ ఊడదీసి గోడకేసి కొట్టింది. ‘నాలుగు నెలలు పట్టిందా అత్తా? నాలుగు నెలలా?’ అంది. ఇక మొదలుపెట్టింది. నిన్ను అనరాని మాటలన్నీ అంది. కొన్ని నాకు కొత్త. నీ దగ్గరే నేర్చుకుని ఉంటుంది. మధ్యలో నన్నూ వదల్లేదు, జానెడు సంగతి ఎత్తింది. ఏడిచింది. ఏడుస్తూనే అన్నం పెట్టమంది. రెండోసారి వడ్డించుకుని తిని, మర్నాడు మధ్యాహ్నం దాకా గుడ్డ మీదే పడి నిద్రపోయింది. ఆ తెలుపు మధ్య నల్ల జడ ఒక్కటే కనబడుతుంటే లేపబుద్ధి కాక నేను మెట్ల మీద కూచుని కుట్టుకున్నాను.

నీ మీద కోపం పోలేదు. పోగొట్టే పని నేను పెట్టుకోను. ఇన్నాళ్ళూ కోపమే రాని పిల్లని చూసి భయపడ్డాను, ఇప్పుడు కాస్త నిద్రపడుతోంది.

నువ్వు రాసినదాంట్లో ఒకటి నాకు మింగుడు పడలేదు. నీకు ఎంతో బాగుందని, పడవ గాల్లో తేలుతున్నట్టుందని రాశావు చూడు. నాకు ఆ ముక్క అర్థమైంది, అదే నా బాధ. కొలవకుండా కత్తెర ఆడిస్తున్నప్పుడు నాకూ అలాగే ఉంటుంది.

సోమవారం ఏమైందో రాయి.

అక్క


రేవు వెనక గది నుంచి
డిసెంబరు 11

అక్కకి,

తీర్పు వచ్చింది. నా సర్టిఫికెట్ రెండేళ్ళపాటు తీసుకున్నారు. ఇంకొకరి కింద కళాసీగా పనిచేసుకోవచ్చు. పిచ్చుక పేరు మీద రాసిందంతా కొట్టేశారు.

నేను చెబుతున్నంతసేపూ ఆఫీసరు కలం ముట్టుకోలేదు. అయ్యాక, ‘మీరు రాకపోతే ఇది తేలేది కాదండీ, ఎందుకొచ్చారు?’ అన్నాడు. మా అక్క తెరచాప జానెడు తక్కువ కత్తిరించిందండీ అన్నాను. పాపం, తల గోక్కున్నాడు. చిన్నవాడైనా మంచివాడే.

రేవులో రెండు వారాలు ఎవరూ నాతో మాట్లాడలేదు. దర్జీ మాత్రం వచ్చాడు. ‘నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అన్నాడు. నువ్వన్నది నిజం చేద్దామనుకున్నది నేను అని చెప్పి పంపించాను.

పిచ్చుక పరీక్షకి వచ్చింది నీకు తెలిసిందే. మూడు రోజులూ ఇక్కడే ఉంది, వంట చేసింది, నాతో అవసరమైనంతే మాట్లాడింది. ముడులు, దిక్సూచి, పటం, అన్నీ అయ్యాక ఆఫీసరు ఒక ప్రశ్న వేశాడట. ఆయనే నాకు చెప్పాడు. ‘నువ్వు లోతు చెప్పావు, సరంగు వినలేదు. అప్పుడేం చేస్తావు?’ అని. అది ‘మళ్ళీ చెబుతాను. గట్టిగా చెబుతాను. అప్పటికీ వినకపోతే చుక్కాని నా చేతిలోనే ఉంటుంది కదండీ, తిప్పేస్తాను. ఆ రోజు తిప్పలేదు. మా నాన్నకి కోపం వస్తుందని తిప్పలేదు. అది నా తప్పు, అది మాత్రం నా పేరు మీదే ఉంచండి’ అందట.

పాసైంది. ఇంటికొచ్చి, ‘అయింది నాన్నా’ అని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వాకిట్లో కూచున్నాను. సాయంత్రపు ఎండలో వీధంతా పల్చగా, నీళ్ళ కింద ఉన్నట్టుంది.

తమ్ముడు


దీవి, పడవలు కట్టే వంతెన పక్క గది నుంచి
మార్చి 28

అక్కకి,

పిచ్చుకకి టపా పడవ ఇచ్చారు, నీకు రాసే ఉంటుంది. కళాసీ కావాలంటే నేను పేరు ఇచ్చుకున్నాను. నలుగురితోపాటు వరసలో నిలబడ్డాను. ముడి వేయించి చూసి గాని తీసుకోలేదు.

ఇవాళ జరిగింది రాయాలనిపించింది. పొద్దున ఈ దీవి నుంచి బయల్దేరాలి. పదకొండు మంది ఎక్కడానికి వచ్చారు. ఒకాయన పెళ్ళిచూపులకి వెళ్తూ కొత్త చెప్పులు కూడా వేసుకున్నాడు. గాలి బాగుంది. దూరంగా నీళ్ళ మీద ఒక తెల్లటి గీత, గుడ్డ అంచులాగా. పిచ్చుక దాన్ని చూస్తూ నిలబడింది. తర్వాత అందరి ముందుకొచ్చి, ‘ఇవాళ వెళ్ళడం లేదండీ’ అంది.

గోల మొదలైంది. నాకు కూడా ఆ పొగమంచు విడిపోతుందనే అనిపించింది. పక్కకి పిలిచి, ‘పదింటికల్లా పోతుందేమోనమ్మా’ అన్నాను. ‘విన్నాను నాన్నా. నువ్వు చెప్పిందే నిజం కావచ్చు. వెళ్ళడం లేదు’ అంది.

పొగమంచు రాలేదక్కా. పదింటికి ఆ గీత కూడా లేదు. రోజంతా అద్దంలాంటి సముద్రం, అవతలి ఒడ్డున ఇళ్ళ కిటికీలు కూడా లెక్కపెట్టచ్చు. జనం వంతెన మీద కూచుని దాన్ని ఆటపట్టించారు. కొత్త చెప్పులాయన, ‘సరంగు గారూ, కొంచెం పొగమంచు అరువిస్తారా, చూసి వెళ్తాం’ అన్నాడు. అందరూ నవ్వారు. అది కూడా నవ్వింది. అలా అని బయల్దేరలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. పక్కన కూచుని తాడు కొసలు అల్లింది. నేను రెండో కొస పట్టుకున్నాను.

నేనైతే ఆ నవ్వు భరించలేక మధ్యాహ్నమైనా పడవ విప్పేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు కూడా అలా కూచోలేదు. పొద్దు వాలేదాకా దాని పక్కనే ఉన్నాను. నీళ్ళు బంగారు రంగుకి తిరిగి, మెల్లగా బూడిద రంగుకి వచ్చాయి. పడవ కట్టుతాడు చివర అటూ ఇటూ ఊగుతోంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు గాని, మాట్లాడుకోకపోవడం మునుపటిలా లేదు.

ఇంకా రాద్దామనుంది. రేపు అయిదింటికల్లా పడవలో ఉండాలంది సరంగు. పడుకుంటాను.

తమ్ముడు